రోల్స్ రాయిస్ ఎంపిక: ముందుగా తేల్చుకోవలసింది మీరు కూర్చునే సీటు

రోల్స్ రాయిస్ కొనాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది మొదట ధరలను పోల్చుకుంటారు, ఆ తర్వాత హార్స్‌పవర్ లెక్కలు చూస్తారు. ఈ కార్ల విషయంలో ఆ రెండూ పెద్దగా దారి చూపవు. ఇంగ్లండులో వెస్ట్ ససెక్స్ ప్రాంతంలోని గుడ్‌వుడ్ కర్మాగారంలో ఈ సంస్థ తయారు చేస్తున్న నాలుగు కార్లు ఫాంటమ్, ఘోస్ట్, కల్లినన్, స్పెక్టర్. వీటిలో పెట్రోలుతో నడిచే మొదటి మూడింటికీ ఉన్నది ఒకే ఇంజను, రెండు టర్బోలతో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరాలతో) కూడిన 6.75 లీటర్ల వి-12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజను. మామూలు రకాలలో మూడింటిలోనూ అది 563 హార్స్‌పవరే ఇస్తుంది, మూడింటికీ 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉంటుంది, మూడింటి వేగానికీ గంటకు 250 కిలోమీటర్ల దగ్గర కంపెనీయే హద్దు పెట్టింది. 2017లో ఫాంటమ్‌తో మొదలైన అల్యూమినియం చట్రం మీదే, కొలతలు మార్చుకుంటూ, నాలుగు కార్లనూ నిర్మిస్తున్నారు. కాబట్టి ఏది గొప్పది అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఈ కారులో మీరు ఏ సీటులో కూర్చోబోతున్నారు, మీతో పాటు ఎవరు ప్రయాణిస్తారు, ఏ రోడ్ల మీద తిరుగుతారు, రాత్రికి కారును ఎక్కడ నిలుపుతారు అన్న ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే నాలుగింటిలో రెండు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

కూర్చునే సీటును బట్టి కారును తయారు చేయించుకోవడం ఈ సంస్థ దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ పసుపు రంగులో మెరిసే 1912 నాటి సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు ఇచ్చిన ఆ కారు తయారై వచ్చేలోగా, 1911లోనే ఆయన కన్నుమూశారు. ఇంజనూ చట్రమూ రోల్స్ రాయిస్‌వి, పై బాడీ లండన్‌లోని బార్కర్ సంస్థది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు, పైకప్పును గుమ్మటంలా పెంచారు. నడిపేవారి సౌకర్యం అక్కడ ఎవరి ఆలోచనలోనూ లేదు. నూరేళ్ళు దాటిన తర్వాత ఫాంటమ్‌ను చూస్తే ఆ ఆలోచనా విధానం ఇంకా సజీవంగా ఉందనిపిస్తుంది.

ఫాంటమ్ వెనక సీటు కోసం పుట్టిన కారు. మామూలు ఫాంటమ్ పొడవు సుమారు 5.76 మీటర్లు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 3,552 మిల్లీమీటర్లు. ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద రకంలో ఆ దూరం 3,772 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, పొడవు దాదాపు 6 మీటర్లకు చేరుతుంది. అదనంగా వచ్చిన ఆ 220 మిల్లీమీటర్లు పూర్తిగా వెనక కూర్చున్నవారి కాళ్ళ ముందుకే చేరతాయి. శబ్దాన్ని అడ్డుకోవడానికి 130 కిలోలకు పైగా పదార్థాన్ని ఈ కారులో నింపారు, అద్దాలు రెండు పొరలవి, టైర్ల లోపల కూడా నురుగు పొర ఉంటుంది. ఈ ఏర్పాట్ల ఫలితం మాటల్లో చెప్పడం కన్నా కూర్చుని చూస్తేనే తెలుస్తుంది: మోటార్‌వే మీద వెనక సీటులో ఇద్దరు గొంతు పెంచకుండా, దాదాపు గుసగుసగా మాట్లాడుకోవచ్చు. వెనక తలుపులు వెనక వైపు కీలుతో తెరుచుకుంటాయి కాబట్టి లోపలికి వెళ్ళేటప్పుడు ఒళ్ళు మెలితిప్పవలసిన అవసరం ఉండదు, తిన్నగా అడుగువేసి కూర్చోవచ్చు. చీర కట్టుకున్నవారికి, పంచె కట్టుకున్నవారికి ఇది ఎంత సుఖమో వాడినవారికి తెలుస్తుంది.

అయితే ఫాంటమ్‌ను సొంతంగా నడుపుకోవాలని కొనేవారిని నేను రెండోసారి ఆలోచించుకోమనే అంటాను. వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్ ఉన్నందువల్ల ఇది తన పరిమాణానికి మించి చురుకుగా మలుపు తీసుకుంటుందన్న మాట నిజమే. కానీ ఇరుకు వీధిలో ఎదురుగా వ్యాను వచ్చినప్పుడు ఆ రెండు మీటర్ల వెడల్పు రెండు మీటర్ల వెడల్పుగానే ఉంటుంది. ఇంజను శక్తి వెనక చక్రాలకే అందుతుంది కనుక స్కాట్లండు కొండ ప్రాంతాల్లోనో ఇంగ్లండు ఉత్తరాన పల్లెటూళ్ళలోనో నివసించి, మంచు పడే నెలల్లో కూడా కారు తీయవలసినవారికి మిగిలిన మూడూ నిశ్చింతనిస్తాయి. వాటిలో నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. మీకు స్థిరంగా పనిచేసే డ్రైవరు ఉండి, వారంలో నాలుగైదు రోజులు వెనకే కూర్చుని ప్రయాణిస్తారనుకుంటేనే ఫాంటమ్‌కు తగిన న్యాయం జరుగుతుంది.

ఘోస్ట్ గురించి కొంత వివరంగా చెప్పాలి. రోల్స్ రాయిస్ కొనగలిగినవారిలో ఎక్కువమందికి సరిపోయే కారు ఇదేనని నా అభిప్రాయం. అయినా ‘ఫాంటమ్ అందనివారు తీసుకునేది’ అన్న చిన్నచూపు దీనికి ఇంకా పూర్తిగా తొలగలేదు. ఆ చిన్నచూపుకు చారిత్రక కారణం ఉంది. 2009లో వచ్చిన మొదటి తరం ఘోస్ట్, మాతృసంస్థ బి.ఎం.డబ్ల్యు. వారి 7 సిరీస్‌తో కొన్ని భాగాలను పంచుకుంది. 2020లో వచ్చిన రెండో తరానికి ఆ బంధం తెంచి, ఫాంటమ్‌కు వాడిన సొంత చట్రాన్నే ఆధారం చేసుకున్నారు. దాని మీద నాలుగు చక్రాల చోదనం, వెనక చక్రాల స్టీరింగ్ రెండూ చేర్చారు.

ఘోస్ట్ ప్రత్యేకత ముఖ్యంగా సస్పెన్షన్‌లో ఉంది. చక్రానికి వచ్చిన కుదుపు చట్రానికి చేరకముందే దాన్ని మరింత తగ్గించడానికి ముందు చక్రాల సస్పెన్షన్‌లో పైన ఉండే కడ్డీకి అదనంగా ఒక డ్యాంపర్ (కుదుపును అణిచే పరికరం) బిగించారు. ముందు అద్దం దగ్గర ఉన్న కెమెరా ఎదురుగా ఉన్న రోడ్డు ఎత్తుపల్లాలను చూసి, చక్రం అక్కడికి చేరేలోపే సస్పెన్షన్‌ను సిద్ధం చేస్తుంది. దానికి ఫ్లాగ్‌బేరర్ అని పేరు పెట్టారు. 1865 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఇంజనుతో నడిచే బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి, ఆ జెండా మోసిన మనిషి పేరే ఇది. గేర్‌బాక్స్ కూడా ఉపగ్రహ సంకేతాలతో ముందున్న మలుపులు తెలుసుకుని తగిన గేరును ముందే ఎంచుకుంటుంది. నడిపేవారికి ఇవేవీ కనబడవు. కారు ఎప్పుడూ తొట్రుపడదన్న సంగతి మాత్రం తెలుస్తుంది. నిశ్శబ్దం విషయంలో గుడ్‌వుడ్ ఇంజనీర్లు ఈ కారు దగ్గర అరుదైన నిర్ణయానికి వచ్చారు. శబ్దాన్ని మరీ తగ్గిస్తే మనిషికి కొంత దిక్కు తోచనట్టు ఉంటుందని గమనించి, లోపలి భాగాలన్నీ ఒకే మెత్తని స్థాయిలో వినిపించేలా శ్రుతి చేసి, పూర్తి మౌనం కాకుండా సన్నని గుసగుసను మిగిల్చారు. సంగీతం తెలిసినవారికి తంబుర శ్రుతి గుర్తుకు వస్తుంది.

ఘోస్ట్ పొడవు 5,546 మిల్లీమీటర్లు, ఎక్స్‌టెండెడ్ రకంలో అది మరో 170 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సొంతంగా నడుపుకుంటూ అప్పుడప్పుడు మాత్రమే వెనక కూర్చునేవారు చిన్నదాన్నే తీసుకోవాలి. వారపు రోజుల్లో డ్రైవరుతో ఆఫీసుకు, సెలవు రోజుల్లో తామే స్టీరింగ్ పట్టి ఊరి బయటకు వెళ్ళేవారికి మాత్రం ఎక్స్‌టెండెడ్ రకానికి ఇచ్చే అదనపు డబ్బు వృథా కాదు. బ్లాక్ బ్యాడ్జ్ అనే చురుకైన రకం కూడా ఉంది. అందులో ఇంజను శక్తీ స్టీరింగ్ స్పందనా కాస్త పెంచారు, బయటి మెరుపు లోహాలను నల్లబరిచారు. నడపడంలోని ఆనందమే ప్రధానమనుకునేవారికి అది నచ్చవచ్చు. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా మలుపుల్లో పరుగెత్తాలన్న కోరిక ఉన్నవారు అసలు గుడ్‌వుడ్‌ను వదిలి క్రూ పట్టణంలో తయారయ్యే బెంట్లీల వైపు చూడటమే మంచిది. 1931 నుంచి ఒకే గూటిలో ఉన్న ఈ రెండు పేర్లూ 1998 నాటి అమ్మకంతో విడిపోయే దారిలో పడ్డాయి. 2003 నుంచి రోల్స్ రాయిస్ బి.ఎం.డబ్ల్యు. కిందికి, బెంట్లీ ఫోక్స్‌వాగన్ కిందికి పూర్తిగా వేరుపడి, ఎవరి స్వభావాన్ని వారు నిలబెట్టుకుంటున్నాయి.

కల్లినన్ 2018లో వచ్చింది. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన ప్రసిద్ధ వజ్రం పేరే దానికి పెట్టారు. రోల్స్ రాయిస్ ఎస్‌యూవీ తయారు చేయడమేమిటని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు, దాని రూపం విషయంలో నాకూ ఇప్పటికీ పూర్తి సమాధానం కుదరలేదు. కానీ కుటుంబంతో ప్రయాణించేవారికి ఈ కారు చేసే మేలును రూపం పేరు చెప్పి కొట్టిపారేయకూడదు. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులను తక్కువ ఎత్తులో ఉన్న సీటులోకి దించడం, మళ్ళీ పైకి లేపడం ఎంత కష్టమో మన ఇళ్ళలో తెలియనివారు ఉండరు. కల్లినన్ తాళం తీయగానే 40 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, సీటు ఎత్తు మనిషి నడుముకు దగ్గరగా ఉంటుంది, తలుపు వెనక కీలు మీద వెడల్పుగా తెరుచుకుంటుంది. పెద్దవారు కుర్చీలో కూర్చున్నట్టుగా కూర్చుని, కాళ్ళు లోపలికి పెట్టుకుంటే చాలు.

కల్లినన్‌ను ఎంచుకునేటప్పుడు అసలు మీమాంస వెనక సీట్ల దగ్గర వస్తుంది. ముగ్గురు కూర్చునే బెంచీ రకంలో సీట్లు మడుచుకుంటాయి, సామాను ఎక్కువ పడుతుంది. ఇద్దరికి విడివిడి సీట్లున్న రకంలో మధ్యలో స్థిరమైన కన్సోల్ వస్తుంది, సీట్లకూ డిక్కీకీ మధ్య అద్దపు గోడ వస్తుంది. ఆ అద్దం వల్ల, ఎండలోనో చలిలోనో డిక్కీ తెరిచినా లోపలి వాతావరణం చెదరదు, వెనక నుంచి వచ్చే శబ్దమూ తగ్గుతుంది. పిల్లలున్న ఇంటికి మొదటిదే సరైనది. విడి సీట్లు చూడగానే ఆకట్టుకుంటాయి గానీ ముగ్గురు పిల్లలో, ఇద్దరు పిల్లలతో పాటు ఒక పెద్దావిడో ఉన్నప్పుడు ఆ ఆకర్షణ నెల రోజుల్లోనే భారమవుతుంది. గతుకుల దారులకైతే కల్లినన్‌కు ఈ నాలుగింటిలో పోటీయే లేదు, 540 మిల్లీమీటర్ల లోతు నీటిలోనుంచి కూడా వెళ్ళగలిగేలా దాన్ని రూపొందించారు. దీనికి మూల్యం మలుపుల్లో కనిపిస్తుంది. ఎత్తు 1.8 మీటర్లు దాటి, బరువు 2,660 కిలోలున్న కారు ఘోస్ట్ అంత స్థిమితంగా పక్కకు వాలకుండా ఉండలేదు. వెనక కూర్చుని చదువుకునే అలవాటున్నవారు ఈ తేడాను తప్పక గమనిస్తారు.

స్పెక్టర్ పూర్తిగా విద్యుత్తుతో నడిచే మొదటి రోల్స్ రాయిస్, 2023 చివరలో కొనుగోలుదారుల చేతికి అందడం మొదలైంది. సంస్థ స్థాపకుల్లో ఒకరైన చార్లెస్ రోల్స్ 1900లోనే విద్యుత్ కారును నడిపి చూసి, అవి శబ్దమూ వాసనా లేని శుభ్రమైన బండ్లని మెచ్చుకున్నారు. అయితే ఛార్జింగ్ కేంద్రాలు ఏర్పడేదాకా వాటి ఉపయోగం పరిమితమేనని కూడా అన్నారు. నూట ఇరవై ఏళ్ళు గడిచినా స్పెక్టర్ కొనేవారు ఆలోచించవలసింది సరిగ్గా ఆ రెండు ముక్కలే. 102 కిలోవాట్ గంటల బ్యాటరీతో ఐరోపా పరీక్షా పద్ధతిలో సుమారు 530 కిలోమీటర్లు వెళ్తుందని లెక్క. మోటార్‌వే మీద శీతాకాలంలో అది గణనీయంగా తగ్గుతుందనుకుని ప్రణాళిక వేసుకోవాలి. దాదాపు 700 కిలోల ఆ బ్యాటరీ కారు అడుగున పరుచుకుని రోడ్డు శబ్దాన్ని కూడా అడ్డుకుంటుంది. ఇంటి దగ్గర సొంత ఛార్జర్ పెట్టుకునే వీలు ఉంటేనే ఈ కారు సుఖం, ఆ వీలు లేని లండన్ అపార్ట్‌మెంటులో ఉండేవారికి నేను దీన్ని సూచించను.

స్పెక్టర్‌కు రెండే తలుపులు, ఒక్కొక్కటి దాదాపు మీటరున్నర పొడవు. వెనక ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చోవచ్చు కానీ అది నడిపేవారి కారు. నాలుగింటిలో ముందు సీటు కోసమే చేసినదంటూ ఉంటే ఇదొక్కటే. డ్రైవరును పెట్టుకుని వెనక కూర్చోవాలనుకునేవారు దీని జోలికి పోకపోవడమే మేలు. పక్కపక్కనే కార్లు నిలిపే చోట ఆ పొడవాటి తలుపు పూర్తిగా తెరవడం కూడా కుదరదు.

నిలిపే చోటు గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు కాబట్టి ఒక కొలత చెబుతాను. బ్రిటన్‌లో పార్కింగ్ గడి సాధారణ పరిమాణం 4.8 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. నాలుగు కార్లలో అన్నిటికన్నా పొట్టిదైన కల్లినన్ కూడా 5,341 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అర మీటరుకు పైగా గడి బయటికి పొడుచుకు వస్తుంది. ఎక్స్‌టెండెడ్ ఫాంటమ్ అయితే ఒక మీటరుకు పైగా బయటే ఉంటుంది. ఆర్డరు ఇవ్వకముందే గ్యారేజీ తలుపు వెడల్పును, లోపలి పొడవును టేపుతో కొలుచుకోవాలి. అద్దాలు మడిచినప్పటి వెడల్పును కాక, తలుపు తెరిచి మనిషి దిగగలిగే వెడల్పును లెక్కలోకి తీసుకోవాలి.

పన్నుల్లో పెట్రోలుకూ విద్యుత్తుకూ మధ్య తేడా బ్రిటన్‌లో మొదటి ఏడాదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2025–26 లెక్క ప్రకారం కిలోమీటరుకు 255 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదిలే కొత్త కారుకు మొదటి సంవత్సరం రోడ్డు పన్ను 5,490 పౌండ్లు. మూడు పెట్రోలు కార్లూ ఈ తరగతిలోకే వస్తాయి. స్పెక్టర్‌కు అది 10 పౌండ్లు మాత్రమే. రెండో ఏడాది నుంచి అన్నిటికీ ఒకే రేటు, దానితో పాటు ఖరీదైన కార్ల మీద ఐదేళ్ళపాటు వేసే అదనపు పన్ను కూడా అన్నిటికీ సమానమే. కాబట్టి పన్ను ఆదా కోసం స్పెక్టర్ కొనడంలో అర్థం లేదు.

భారతదేశంలో కొనాలనుకునే తెలుగువారికి వరుస కాస్త మారుతుంది. స్పెక్టర్‌ను 2024 జనవరిలో 7.5 కోట్ల రూపాయలకు, కల్లినన్ సిరీస్ 2 ను (మెరుగులు దిద్దిన కొత్త రూపాన్ని) అదే ఏడాది సెప్టెంబరులో 10.5 కోట్లకు, ఘోస్ట్ సిరీస్ 2 ను 2025 జనవరిలో 8.95 కోట్లకు ఇక్కడి మార్కెట్లోకి తెచ్చారు. ఇవన్నీ ఎక్స్‌షోరూం ధరలే, పైగా కొనేవారు కోరే ప్రత్యేక పనులు కలపనివి. నూరు శాతానికి మించిన దిగుమతి సుంకం ఈ ధరల్లో పెద్ద భాగం. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం బ్రిటన్‌లో తయారైన కార్ల మీద సుంకాన్ని కోటా పరిమితికి లోబడి దశలవారీగా 10 శాతానికి తగ్గించాలని చెబుతోంది. ఆర్డరు ఇచ్చేముందు, మీకు వచ్చే కారు ఏ దశ సుంకం కిందికి వస్తుందో డీలరు చేత లిఖితపూర్వకంగా చెప్పించుకోవడం తెలివైన పని. మన రోడ్ల మీది స్పీడ్ బ్రేకర్లను దృష్టిలో పెట్టుకుంటే ఇక్కడ కల్లినన్‌కు బ్రిటన్‌లో లేని బలం వస్తుంది. ఘోస్ట్ సస్పెన్షన్‌ను బటన్‌తో కొంత పైకి లేపుకోవచ్చు గానీ, రెండు చక్రాల మధ్య 3.3 మీటర్ల దూరమున్న కారుకు ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ దగ్గర కడుపు భాగం తగిలే భయం ఉండనే ఉంటుంది.

కొనేవారి ఇష్టానుసారం చేసిపెట్టే పనుల విషయంలో నా సలహా చిన్నది. పైకప్పులో సన్నని కాంతి తీగలతో నక్షత్రాల్లా మెరిసే అమరిక, బాడీ పొడవునా కుంచెతో చేత్తో గీసే సన్నని గీత, ఫాంటమ్ డ్యాష్‌బోర్డులో అద్దం వెనక ఉంచే కళాఖండం, ఇవన్నీ నిజమైన పనితనాలే, ఆ చేతులకు గౌరవం ఇవ్వవలసిందే. కానీ రంగులు ఎంచుకునేటప్పుడు పదేళ్ళ తర్వాత కూడా మీ కంటికి హాయిగా ఉండేవాటినే ఎంచుకోండి. తెల్లటి తోలు సీట్లు, లేత రంగు ఉన్ని తివాచీలు ఇంగ్లండు వానకు కూడా తట్టుకోవడం కష్టం, హైదరాబాదు దుమ్ముకైతే చెప్పనక్కరలేదు.

కొత్తది కాకుండా వాడిన కారు తీసుకునేవారు ఎంపిక మరింత జాగ్రత్తగా చేయాలి, ఎందుకంటే అక్కడ ఫాంటమ్, ఘోస్ట్‌ల మధ్య భేదం ఇప్పటికన్నా చాలా ఎక్కువ. 2003 నుంచి 2017 దాకా వచ్చిన గుడ్‌వుడ్ మొదటి ఫాంటమ్‌కు టర్బోలు లేని 6.75 లీటర్ల వి-12, 453 హార్స్‌పవర్. అది నెమ్మదైన, గంభీరమైన కారు. దాని భాగాల్లో చాలా వాటికి ప్రత్యామ్నాయం దొరకదు. 2020కి ముందు ఘోస్ట్‌లో రెండు టర్బోల 6.6 లీటర్ల ఇంజను 563 హార్స్‌పవర్ ఇస్తుంది. బి.ఎం.డబ్ల్యు. బంధుత్వం వల్ల దాని మరమ్మతు తెలిసిన మెకానిక్కులు కొంత ఎక్కువమంది ఉంటారు. నడుపుకోవడానికి పాత ఘోస్ట్, ఇంట్లో పదిలంగా దాచుకుని పండుగలకు తీయడానికి పాత ఫాంటమ్ అని నేను విడదీస్తాను. రెండింటిలోనూ రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం చూడాలి. ఏదో ఒక మూల కిందికి ఒరిగి ఉంటే ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి కారుతున్నట్టే. సర్వీసు పుస్తకంలో ఏళ్ళ తరబడి ఖాళీలుంటే, తక్కువ కిలోమీటర్లే తిరిగిందన్న మాటకు లొంగిపోకూడదు, కదలకుండా నిలిచిన కారులో రబ్బరు భాగాలూ టైర్లూ తిరిగిన కారులోకన్నా త్వరగా చెడిపోతాయి. తొలి ఫాంటమ్‌లలో అయితే మిషెలిన్ వారి పాక్స్ అనే పద్ధతి టైర్లు వచ్చేవి. గాలి పోయినా కొంతదూరం నడిచే ఆ టైర్లు వాటికోసం చేసిన ప్రత్యేక చక్రాలకే పడతాయి, మామూలు టైర్లు ఆ చక్రాలకు పట్టవు. మిషెలిన్ ఆ పద్ధతిని తర్వాత ముందుకు తీసుకువెళ్ళలేదు. కాబట్టి టైరు పక్కన పాక్స్ అన్న పేరు కనిపిస్తే, నాలుగు చక్రాలూ నాలుగు టైర్లూ మార్చడానికి అయ్యే ఖర్చును అమ్మేవారితో బేరంలోనే తేల్చుకోవాలి.